ఒకరి నోరు, ఒకరి వేళ్ళు

పోయినవారం కెజియాని ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ పిల్ల అక్కడే ఉంది. టెక్కలి దాటాక హైవే పక్కన ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో, కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం వాళ్ళు ఇకమీదట ఎవరి సిస్టమ్ దగ్గర వాళ్ళే కూర్చోవాలని ఢిల్లీశ్వరరావు సార్ ఆర్డరు వేశాడు. ఆ ఆర్డరు వెనక ఎవరున్నారో కూడా ఆయన నోటే జారింది. జంటలు విడగొట్టమని అడిగింది ఇంద్రజ. రెండేళ్ళుగా కెజియా పక్కన కూర్చున్న ఇంద్రజ, కెజియా క్యారేజీలో చేపల పులుసు సగం తనదే అనుకున్న ఇంద్రజ.

ఇవాళే కొత్తగా పుస్తకం తెరిచినవాళ్ళ కోసం ఒక్క ముక్క. మొన్నటిదాకా ఆ ల్యాబ్‌లో సగం సిస్టమ్‌లు పనిచేయలేదు కాబట్టి మొదటి సంవత్సరం నుంచీ ఇద్దరికి ఒకటి. కెజియా ప్రోగ్రాం చెబుతుంది, ఇంద్రజ టైపు కొడుతుంది. అది వాళ్ళిద్దరి ఏర్పాటు. ఇప్పటిదాకా కెజియా తన చేత్తో ఒక్క ప్రోగ్రాం పూర్తిగా కొట్టలేదు. ఇంద్రజ తన బుర్రతో ఒక్క ప్రోగ్రాం పూర్తిగా ఆలోచించలేదు. మార్కులు మాత్రం ఇద్దరికీ వచ్చాయి. ఇప్పుడు విశాఖలో ఒక కంపెనీ, ఆరు నెలల ట్రైనింగుకి ఈ క్లాసు నుంచి ఒక్కరిని పంపమంది. ట్రైనింగు అయ్యాక ఉద్యోగం. ఆ ఒక్క పేరు సార్ ఇవాళ ల్యాబ్‌లో తేల్చేస్తానన్నాడు. పరీక్షల్లో క్లాసు ఫస్టు కెజియా. ఆ పేరు తనదే కావాలని ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, పలాసలో వాళ్ళమ్మకి కూడా చెప్పకుండా రోజూ ప్రార్థనలో అడుగుతూనే ఉంది.

ఇంద్రజ వచ్చింది. గుమ్మం దగ్గర థంబ్ మిషను మీద కుడి బొటనవేలు పెట్టింది. పచ్చ లైటు వెలిగింది. అటూ ఇటూ చూసి ఎడమ బొటనవేలు కూడా పెట్టింది. మళ్ళీ పచ్చ లైటు వెలిగింది. ఈసారి మిషను అద్దం మీద కెజియా పేరు వచ్చింది.

"పదవే, లోపలికి," అంది ఏమీ జరగనట్టే.

ఈ ఎడమ బొటనవేలి కథ మీకు చెప్పాలి. కెజియా తల్లి ఎలీసబెతు పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. పిక్క పగిలినప్పుడు పెంకులోంచి నూనె కారుతుంది. అది తగిలిన చోట చర్మం నల్లబడి పొరలు పొరలుగా లేచిపోతుంది. ఇంటర్ పరీక్షలయ్యాక సెలవల్లో కెజియా కూడా తల్లి పక్కన కూర్చుని పిక్కలు కొట్టింది. కాలేజీలో చేరిన రోజు వేలిముద్రలు తీసుకునే గుమాస్తా ముందు పది వేళ్ళూ వరసగా పెట్టింది. మిషను పదీ వద్దంది. చేతులు కడుక్కుని రమ్మన్నాడు గుమాస్తా. కడుక్కుని వస్తే మళ్ళీ వద్దంది. వరసలో ఉన్న పృథ్వీ, ఆ జీడి ఫ్యాక్టరీ యజమాని కొడుకు, కడిగితే పోయే సరుకు కాదు సార్ అది అన్నాడు. వరసంతా నవ్వింది. అప్పుడు కెజియా భుజం పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి గాజు మీద ఎడమ బొటనవేలు పెట్టింది. గుమాస్తా తల ఎత్తి కూడా చూడలేదు. ఆ చెయ్యి ఇంద్రజది. అంతకు ముందు ఒకరి పేరు ఒకరికి తెలియదు. అలా మొదలైంది స్నేహం.

ఆ రోజు క్యాంటీన్‌లో ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. తర్వాత కెజియా వేళ్ళకి కొత్త చర్మం వచ్చింది. కానీ కాలేజీ మిషనులో కెజియా అంటే ఇంద్రజ ఎడమ బొటనవేలే. సరిచేయించుకోవాలంటే చేసింది చెప్పాలి, చెబితే ఇద్దరినీ బయటికి పంపుతారు. కాబట్టి రెండేళ్ళూ ఇంద్రజ వస్తేనే కెజియా వచ్చినట్టు. ఇంద్రజకి జ్వరం వస్తే కెజియాకీ ఆబ్సెంటు పడేది. అదీ నవ్వుకోవడానికే పనికొచ్చింది.

కానీ భయం మాత్రం ఆ వరసలోనే పట్టుకుంది కెజియాని. తన వేలిని మిషను ఒప్పుకోదు. మొదటి ల్యాబ్‌లో కీబోర్డు మీద ఒక మీట నొక్కి, చెయ్యి తీయడం మరిచిపోయింది. అదే అక్షరం తెర నిండా పరిగెత్తింది. ఏదో పాడుచేశాననుకుని కుర్చీ వెనక్కి లాగేసుకుంది. అటెండరు వచ్చి ఆమె కళ్ళముందే గుడ్డతో కీబోర్డు తుడిచాడు. ఆయన రోజూ అన్నీ తుడుస్తాడని కెజియాకి తెలియదు. ఆ తర్వాత కీబోర్డు ఎదురుగా కూర్చుంటే అరచేతులు చెమటపట్టేవి, తెలిసిన అక్షరం ఎక్కడుందో కనిపించేది కాదు. నువ్వు చెప్పు, నేను కొడతాను అంది ఇంద్రజ. చెప్పడం కెజియాకి వెన్నతో పెట్టిన విద్య. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టే పోటీలో అన్నిటికన్నా పొడుగాటి కీర్తన అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పిన పిల్ల. ప్రోగ్రాంలు కూడా అలాగే మొదలుపెట్టింది. పోనుపోను వాటి లోపలి నడక అర్థమై, చూడనివి కూడా కట్టి చెప్పగలిగింది.

ఇక ఇంద్రజ. కోటబొమ్మాళి దగ్గర వాళ్ళ ఊళ్ళో తండ్రి ఈశ్వర్‌కి భూమీ ఉంది, పార్టీలో పలుకుబడీ ఉంది. ఊళ్ళో ఎవరికి ఏ ఆన్‌లైన్ దరఖాస్తు కావాలన్నా ఇంద్రజ దగ్గరికే వస్తారు. కంప్యూటర్ పాప అంటారు. ఆమె వేళ్ళు కీబోర్డు మీద చినుకులు పడ్డట్టు పడతాయి. రెండేళ్ళు తన వేళ్ళతో కొట్టింది కాబట్టి అదంతా తనకి వచ్చనే ఆమె నమ్మకం. ఇందులో అబద్ధం ఏమీ లేదు, నిజంగానే నమ్మింది. మోసం చేసేవాళ్ళతో వేగవచ్చు గానీ ఇలా నమ్మేవాళ్ళతో కష్టం.

లోపలికి అడుగు పెట్టేముందు కెజియా అడిగింది. "జంటలు ఇడదీయమని నువ్వే అడిగావంట కదా."

ఇంద్రజ తడబడలేదు. "అడిగినాను. కంపెనీవోళ్ళు ఒక్క పేరే రాయమన్నారు. జంట పేరు రాయరు కదేటి."

"ఆ మాట నాకు సెప్పొచ్చు కదా."

"సెప్తే ఏడుత్తావని సెప్పనేదు," అంది ఇంద్రజ. కాస్త ఆగి, మెత్తగానే, "సూడు, నువ్వు నేకపోయినా నాకు వస్తాది. రెండేళ్ళూ కొట్టింది నానే కదా," అంది.

నోటిమీద బతికే మనిషికి సరైన సమయానికి నోరు రాకపోవడం కన్నా అవమానం లేదు. తనకి కేటాయించిన సిస్టమ్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

ఢిల్లీశ్వరరావు సార్ మంచి టీచరే. అది ఒప్పుకోవాలి. కాకపోతే భయపడేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మంట. కంప్యూటర్‌కి ఏదైనా నేర్పవచ్చు, భయపడేవాడికి ఏమీ నేర్పలేం అని ఏడాదికి నాలుగుసార్లు అంటాడు. ఇవాళ ముందు చెయ్యి తిరగడానికన్నట్టు రికార్డులో ఉన్న పాత ప్రోగ్రామే ఒకటి కొట్టమన్నాడు. అంకెల్ని చిన్న నుంచి పెద్దకి పేర్చే ప్రోగ్రాం. కెజియా దాన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

చుట్టూ వేళ్ళ చప్పుడు మొదలైంది. అన్నిటికన్నా జోరుగా ఇంద్రజ వైపు నుంచి. కెజియా కీబోర్డు వైపు చూసింది. మొదటి లైను నోట్లో ఆడుతోంది. చూపుడువేలు గాలిలో ఆగింది. అక్షరం వెతికి ఒకటి నొక్కింది, తప్పు అక్షరం పడింది. చెరపబోతే ముందున్నది కూడా పోయింది. మెడ మీద చెమట జారుతుంటే తుడుచుకోవడానికి కూడా భయమేసింది, ఎవరైనా చూస్తారని. చూశారు. సార్ వెనకే నిలబడి ఉన్నాడు.

పోయిన సెమిస్టరులో ఎన్నో ర్యాంకమ్మా అని అడిగాడు, చాలా మర్యాదగా. మొదటిది సార్ అంది కెజియా, వినపడీ వినపడనట్టు. ఆయన క్లాసు మొత్తానికి వినిపించేలా మళ్ళీ చెప్పించాడు. అప్పుడు ఆమె తెర వైపు వేలు చూపించి, ఇదీ మన క్లాసు ఫస్టు అన్నాడు. తెర మీద నాలుగు అక్షరాలున్నాయి, అందులో ఒకటి తప్పు.

నవ్వులు లేచాయి. వెనక బల్ల నుంచి పృథ్వీ, "ఆ కీబోర్డు మార్చీయండి సార్, జీడి అంటుకుంటాది," అన్నాడు. సార్ వాడిని కసరలేదు. పెదవి చివర నవ్వు దాచుకున్నాడు. కెజియా ఆ నవ్వు చూసింది.

తర్వాత ఆయన ఇంద్రజ వైపు తిరిగాడు. "రెండేళ్ళు ఈమెతో కూర్చున్నావు కదా. ఈమె ఏం చేసేది?"

ఇంద్రజ ఒక్క నిజం చెప్పినా చాలు. కెజియా తల తిప్పి ఆమె కళ్ళలోకి చూసింది. ఇంద్రజ ఆ చూపు తప్పించుకుని సార్ వంక చూసి చెప్పింది.

"పక్కన కూకునీది సార్."

క్లాసు ఘొల్లుమంది. సార్ కూడా ఈసారి దాచుకోలేదు. ఆ నవ్వుల మధ్య కెజియాకి మొదట సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ రెండూ పోయాక లోపల ఏదో గడ్డకట్టుకుపోయింది. అంతవరకూ ఆమెకి ఎవరిమీదా అంత కోపం వచ్చి ఉండలేదు. కోపమొస్తే ఎలా ఉంటుందో కూడా తెలియదు కాబట్టి, భయం తగ్గిందనుకుంది.

సార్ ఇంద్రజని ముందుకి పిలిచాడు. ప్రొజెక్టరుకి కలిపిన సిస్టమ్ అది. అక్కడ కొట్టింది గోడ మీద ఇంత పెద్దదిగా కనిపిస్తుంది. రికార్డులో లేని కొత్త ప్రోగ్రాం ఇస్తాను, ఇది చేస్తే విశాఖ వెళ్ళేది నువ్వే అన్నాడు. ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ కంప్యూటర్ లోపల ఒక అంకె ఉంటుంది కదా, వరసగా అంకెలు ఇస్తే వాటిని అక్షరాలుగా మార్చి తెర మీద ఒక మాట చూపించాలి. ఏ మాటో నీ ఇష్టం. అని చెప్పి, కెజియాని కూడా పిలిచాడు. ఇంద్రజ కుర్చీ వెనక నిలబెట్టి, టైపు చేయడం అంటే ఏమిటో దగ్గరనుంచి చూసి నేర్చుకో అన్నాడు. గోడ మీది తెర దించడానికి వెళ్ళాడు. పుల్లీ ఇరుక్కుంటే అటెండరుని కేకేశాడు.

ఇంద్రజ వేళ్ళు జోరుగా కదిలాయి. కెజియా చూసింది. కొడుతున్నది ఇందాకటి ప్రోగ్రామే. అంకెల్ని పేర్చేది. ఆ వేళ్ళకి దారి తెలిసిన ప్రోగ్రాం అదొక్కటే అయినట్టు అదే కొడుతున్నాయి. సగంలో ఆగాయి. చెరిపాయి. మళ్ళీ మొదటినుంచి అవే లైన్లు. రెండోసారి ఆగినప్పుడు ఇంద్రజ చెవులు ఎర్రబడ్డాయి. రెండేళ్ళలో మొదటిసారి, ఆ వేళ్ళు ఏం చేయాలో తెలియక మీటల మీద ఊరికే ఆనుకుని ఉన్నాయి.

తల తిప్పకుండా, పెదాలు కదలకుండా, ఇంద్రజ అంది. "సెప్పు."

ఎంత ధైర్యం. పక్కన కూర్చునేది అని నవ్వించి పావుగంట కాలేదు. కెజియా చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకుంటే చాలు, ఇంద్రజ పని అయిపోతుంది. దేవుడిని నమ్ముకున్న పిల్ల కాబట్టి క్షమించి చెప్పెయ్యనూ వచ్చు. ఆమె ఆ రెండూ చేయలేదు. వంగి, ఎప్పటిలాగే, చిన్న గొంతుతో లైను తర్వాత లైను చెప్పడం మొదలుపెట్టింది. ఇంద్రజ వేళ్ళకి ప్రాణం లేచొచ్చింది. అలవాటైన ఆ గొంతు చెవిన పడగానే ఆమె భుజాలు కూడా కిందికి దిగాయి. ప్రోగ్రాం బాగానే ఉంది, చక్కగా ఉంది. మిగిలింది అంకెలు.

"డెబ్బై మూడు," అంది కెజియా. "డెబ్బై ఎనిమిది. అరవై ఎనిమిది. ఎనభై రెండు."

"ఏటి వస్తాది?" అంది ఇంద్రజ కొడుతూనే.

"నీ పేరు వస్తాది."

ఇంద్రజ చిన్నగా నవ్వింది. థాంక్సే అని కూడా అంది. ఏ అక్షరానికి ఏ అంకో మొదటి సంవత్సరంలోనే చెప్పారు, ఇంద్రజ కూడా పరీక్షలో రాసింది. కానీ కెజియా చెబుతున్నప్పుడు ఆలోచించే అలవాటు ఆమెకి లేదు. పేరుకి ఏడు అంకెలు చాలు. ఎనిమిదోది వచ్చింది, తొమ్మిదోది వచ్చింది, ఇంకా వస్తూనే ఉన్నాయి. ఇంద్రజ లెక్క చూసుకోలేదు. చెబుతున్నంతసేపూ కొట్టింది. చాలు అన్నాక ఆపింది.

పుల్లీ కదిలింది, తెర దిగింది. గోడ మీద ప్రోగ్రాం కనిపించగానే సార్ కళ్ళు మెరిశాయి. ఒక్కో లైను చదువుతూ తల ఊపాడు. చూశారా, చేతిలో నమ్మకం ఉంటే ఇలా వస్తుంది అని క్లాసుకి చెప్పాడు. కెజియాని చూసి, నేర్చుకున్నావా అన్నాడు. నేర్చుకున్నాను సార్ అంది. ఇక నడిపించమన్నాడు. ఇంద్రజ ఎంటర్ నొక్కింది.

గోడ మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట వచ్చింది. ఇంద్రజకి ఏమీ రాదు.

ఒక్క క్షణం అందరూ కూడబలుక్కుని చదివారు. తర్వాత వెనక బల్లలోంచి పృథ్వీ గట్టిగా, పాఠంలాగా చదివాడు. ఇందాక కెజియా కోసం లేచిన నవ్వు దీని ముందు ఏ మూలకి. బల్లలు చరిచారు, ఫోన్లు తీసి ఫోటోలు కొట్టారు. ఎవరు కొట్టారిది అన్నాడు సార్. నేనే సార్ అంది ఇంద్రజ, ఆ మాట నోటినుంచి వచ్చాకగానీ ఏమన్నానో తెలియలేదు ఆమెకి. నీకేమీ రాదని నువ్వే కొట్టుకున్నావా అన్నాడాయన. దానికి ఇంకా నవ్వారు.

కెజియాకి సంతోషం కలిగింది. దాచడం ఎందుకు, కలిగింది. కడుపు నిండా కలిగింది. ఇంద్రజ మెడ ఎర్రబడి, ఆ ఎరుపు జడ పాయల్లోకి పాకడం వెనకనుంచి తీరిగ్గా చూసింది. ఊళ్ళో కంప్యూటర్ పాప అనిపించుకున్న పిల్ల తన వేళ్ళ వంక తానే చూసుకుంటోంది, అవి ఎవరివో అన్నట్టు. అప్పుడొకసారి జాలి వేసింది. కానీ 'పక్కన కూకునీది' అన్న మాట ఇంకా చెవిలో ఉంది. జాలి ఎక్కువసేపు నిలవలేదు.

సార్‌కి విషయం అర్థమైంది. చెప్పింది నువ్వా అని కెజియాని అడిగాడు. అవును సార్, రెండేళ్ళూ నేనే చెప్పాను అంది. ఆ మాట ఆమె గొంతులోంచి తడబడకుండా వచ్చింది. ఆయన మొహంలో మొదటిసారి ఏదో గౌరవం లాంటిది కనిపించింది. జేబులోంచి పెన్ను తీశాడు. ఆ పెన్ను ఏం రాయబోతోందో కెజియాకి తెలుసు. ఇంద్రజకీ తెలుసు.

"సార్," అంది ఇంద్రజ. కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎడమ చెయ్యి పైకెత్తి బొటనవేలు చూపించింది. "దీని పేరు మీద కాలేజీలో ఉన్న వేలు నాది."

అర్థం కాలేదెవరికీ. కెజియాకి అర్థమైంది. బల్ల అంచు పట్టుకుంది. ఈ మాట అంటే ఇద్దరం పోతాం కదా, ఈ గుంటకి మతి పోయిందా అనుకుంది. మతి పోలేదు. ఒంటరిగా మునగడానికి ఇంద్రజ ఒప్పుకోలేదు, అంతే.

సార్ ఇద్దరినీ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. క్లాసు మొత్తం వెనకే వచ్చి గుమిగూడింది. కెజియాని వేలు పెట్టమన్నాడు. పెట్టింది. ఎర్ర లైటు. చెమట తుడుచుకుని మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ ఎర్ర లైటు. ఇంద్రజ ఎడమ బొటనవేలు పెట్టింది. పచ్చ లైటు వెలిగింది. మిషను మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, అద్దం మీద కెజియా పేరు చూపించింది.

ఇప్పుడెవరూ నవ్వలేదు. పృథ్వీ కూడా. సార్ పెన్ను మళ్ళీ జేబులోకి వెళ్ళింది. ఆయన బుర్రలో ఏదో ఒకదాని మీద ఒకటి పేరుకుంటోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. చివరికి అడిగాడు.

"కెజియా పేరు మీద వేలు నీదైతే, కెజియా పేరు మీద పరీక్షలు రాసింది ఎవరు?"

ఆ ప్రశ్న ఇంద్రజకి కూడా కొత్తే. ఆమె అంతదూరం ఆలోచించి లేవలేదు. కానీ ప్రశ్న వినగానే ఆమె కళ్ళలో వచ్చిన మార్పు కెజియా చూసింది. రెండేళ్ళు ఆ కళ్ళ పక్కనే కూర్చుంది, చదవడం వచ్చు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నానే రాశాను సార్," అంది ఇంద్రజ. "మా హాల్ టికెట్టు నంబర్లు ముందూ వెనకా. పేపర్లు మార్చుకునీవోళ్ళం. నా పేరు మీద అది రాసీది, దాని పేరు మీద నాను రాసీదాన్ని. ఫస్టు ర్యాంకు నాది."

అబద్ధాలు చాలా రకాలు. కొన్ని ఏదో ఒకటి కాపాడుకోవడానికి చెబుతారు. ఇది అలాంటిది కాదు. కాలేజీలోంచి తరిమేసినా సరే, తరిమేముందు తనకి అన్నీ వచ్చని వీళ్ళంతా ఒప్పుకోవాలి, అంతే కావాలి ఇంద్రజకి. చెప్పేశాక ఆమె మొహం తేటపడింది. రేపటికి అది నిజమేనని తానే నమ్ముతుంది. కొంచెం కొంచెం అప్పుడే నమ్ముతోంది.

కెజియా నోరు అప్పుడు విచ్చుకుంది. అబద్ధం సార్ అంది. ఇందాక తాను చెబితేనే కదా అంకెలు కొట్టింది అంది. కంఠతా పట్టినవి ఎవరైనా చెబుతారు, నేనే నేర్పినాను అంది ఇంద్రజ. ఆన్సర్ షీట్లు చూడండి, నా చేతిరాతే ఉంటుంది అంది కెజియా. అవి యూనివర్సిటీలో ఉన్నాయి, తెప్పించాలంటే నెలలు పడుతుంది అన్నాడు సార్. ప్రిన్సిపాల్ గారికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను, ఆయన వచ్చేసరికి ఎవరు దొంగో నేను చెప్పాలి, ఒకరా ఇద్దరా అన్నది తర్వాత అన్నాడు. తెల్లకాగితం ఇవ్వండి, ఏ ప్రోగ్రాం అడిగినా రాసిస్తాను అంది కెజియా. అమ్మ ఈ పాటికి ఫ్యాక్టరీలో పిక్కల ముందు కూర్చుని ఉంటుందన్నది గుర్తొచ్చింది.

సార్ తల అడ్డంగా ఊపాడు. కాగితం మీద కంఠతా వచ్చింది కూడా రాయవచ్చు అన్నాడు. ల్యాబ్‌లోకి నడిచి ప్రొజెక్టరు ముందున్న కుర్చీ వెనక్కి లాగాడు. గోడ మీద ఇంకా ఆ మాట అలాగే ఉంది. దాన్ని చెరిపేశాడు. తెర ఖాళీ అయింది.

ఎప్పుడూ చూడని ప్రోగ్రాం ఒకటి ఇస్తాను, ప్రిన్సిపాల్ గారు మెట్లెక్కి వచ్చేలోగా కొట్టి నడిపించు అన్నాడు. నడిస్తే ఆ ర్యాంకు నీది. నడవకపోతే ఈ అమ్మాయి చెప్పిందే నిజమని రాసిస్తాను. ఎవరికీ అన్యాయం చేయని మనిషిలా, ఎంతో నిదానంగా చెప్పాడా మాట. ఇంద్రజ గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది.

కెజియా కూర్చుంది. సార్ లెక్క చెప్పాడు. చెబుతుండగానే మొత్తం ఆమె తలలో కట్టుకుపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తిప్పాలో, ఎక్కడ ఆపాలో అంతా తెలిసిపోయింది. ఇంత తేలిక లెక్క ఇచ్చాడేమిటనుకుంది కూడా. వెనక క్లాసు ఊపిరి మెడకి తగులుతోంది. మీటల మీది అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చేతులు ఒళ్ళో ఉన్నాయి. పైకి లేవమంటే లేవడం లేదు. కారిడార్‌లో బూట్ల చప్పుడు వినిపించింది.

కెజియా నోరు తెరిచింది. మొదటి లైను గడగడా బయటికి వచ్చేసింది, రెండో లైను కూడా.

"నోరు కాదమ్మా," అన్నాడు సార్. "చేతులు."